పసుపు బిళ్ళ, నీలం బిళ్ళ

ఫిబ్రవరి 6

వదినకు,

ఒంట్లో ఎలా ఉంది? కొండవాలున ఫోను అందదని తెలిసీ నిన్న మూడుసార్లు కలిపి చూశాను. పోస్టుమాన్ వారానికి రెండుసార్లయినా పైకి వస్తాడు కదా, ఉత్తరమే నయమనిపించి కూర్చున్నాను.

అన్నయ్య పోయి తొమ్మిది నెలలైంది. ఈ తొమ్మిది నెలల్లో నీకు నేను రాసినవి రెండే ఉత్తరాలు. రెండింట్లోనూ వానల గురించే రాశాను. ఎనిమిదేళ్ళప్పుడు నాకు తల దువ్వడం మొదలుపెట్టి, ఉద్యోగానికి వెళ్ళే రోజు దాకా దువ్విన మనిషికి రాయాల్సిన ఉత్తరాలు కావవి. సిగ్గేస్తోంది.

ఇప్పుడొక పని మీద రాస్తున్నాను. మా సంస్థలో గొర్రెలకు క్షయ రాకుండా ఒక టీకా తయారుచేశారు. సంస్థలోని కొట్టాల్లో పెంచే గొర్రెలకు వేసి చూస్తే బాగా పనిచేసింది. ఇక బయట మేసే మందల్లో చూడాలి. ఆరు మందలు కావాలంటే ఐదే దొరికాయి. మీవైపు ఎవరైనా ఉన్నారా అని పెద్ద డాక్టరు అడిగితే నా నోట నీ మంద మాటే వచ్చింది. నీకు ఖర్చేమీ లేదు. రెండు నెలల తేడాతో రెండుసార్లు సూది వేస్తారు, చెవికి బిళ్ళ తగిలిస్తారు. అంతే.

తెల్ల కోటు వేసుకుంటానని నువ్వు అందరికీ నన్ను డాక్టరమ్మ అని చెబుతావట. నేను సూదుల్లో మందు నింపి వాటికి చీటీలు అంటించే మనిషిని వదినా. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చీటీలే. నా మంచం కోడుకి కూడా ఒకటి అంటుకుని ఉంది, అదెలా వచ్చిందో తెలియదు.

ఇంకో మాట. పాలు కాచకుండా తాగకు. రెండు మూడు పొంగులు రానివ్వు.

ఉంటాను,
నీ మరదలు


ఫిబ్రవరి 17

చిట్టికి,

మంద బాగానే ఉంది. అరవై నాలుగు తలలు, అందులో పదకొండు చూడివి. నేనూ బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంగా చదివాను. రెండోసారి చివరి మాట దగ్గర ఆగాను. మూడోసారి ఆ చివరి మాట ఒక్కటే చదివాను. ఈ ఇంట్లో పాలు ఎలా తాగుతామో నీకు తెలియనిది కాదు. నువ్వూ అలా తాగి పెరిగినదానివే. మీ అన్నయ్య దగ్గుతో మంచం పట్టాక, బొల్లి గొర్రె పాలు అప్పుడే పితికినవి గోరువెచ్చగా తెమ్మనేవారు. గొంతుకి హాయిగా ఉందనేవారు. రోజుకి రెండుసార్లు, ఐదు నెలలు, నా చేత్తో ఇచ్చాను. ఇప్పుడు నువ్వు కాచమంటున్నావు. ఏం చెప్పదలచుకున్నావో సూటిగా చెప్పు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటోంది అనుకుంటావేమో. అనుకో. ఇక్కడ ఇంకెవరూ లేరు, నా భుజాలు నేనే తడుముకోవాలి.

మీ డాక్టర్లను రమ్మను. నా గొర్రెలకు మంచి జరుగుతుందంటే వద్దంటానా? వాళ్ళతో నువ్వూ రా. నీ గది అలాగే ఉంది. ఉన్ని బస్తాలు రెండు పెట్టాను, తీసేస్తాను.

నీ వదిన


మార్చి 14

ఆడపడుచు గారికి,

నీ కార్డు అందింది. పాల సంగతి అందరికీ చెప్పే మాటేనని ఒక్క వాక్యం రాశావు. సరే, ఆ అందరిలో నేనూ ఒకదాన్ని.

మీవాళ్ళు మంగళవారం వచ్చారు. పెద్ద డాక్టరు, ఇద్దరు మనుషులు, మంచుగడ్డల పెట్టె. డాక్టరు బూట్లు ఇక్కడి బురదకి పనికొచ్చేవి కావు, దొడ్డి గుమ్మంలోనే ఒకసారి కూర్చున్నాడు పాపం. కానీ చెయ్యి మంచిది. గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మెడ దగ్గర బొచ్చు పాయ తీసి, అది అరిచేలోపు సూది వేసేశాడు. పక్కవాళ్ళు చెవికి బిళ్ళ తగిలించారు. ఒకదానికి పసుపు, తరవాతిదానికి నీలం, మళ్ళీ పసుపు. బిళ్ళలు ముళ్ళకంపల్లో పట్టుకుని ఊడుతుంటాయని, మేకు విప్పి మళ్ళీ బిగించే పనిముట్టు ఒకటి నాకు ఇచ్చి వెళ్ళారు.

రెండు రంగులెందుకని అడిగాను. సగానికి మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్ళట. రెండింటికీ తేడా తెలియాలంటే అదొక్కటే దారట. ఏ రంగుకి ఏదో ఆయనకే తెలియదట, ఆఫీసులో కవరులో పెట్టి అతికించారట. ఈ మాట నువ్వెందుకు రాయలేదు? నా సగం మంద తూకపురాళ్ళని ముందే చెప్పి ఉంటే బాగుండేది.

బొల్లికి నీలం పడింది.

నువ్వు రాలేదు. ఉన్ని బస్తాలు తీసి గది ఊడ్చి పెట్టాను. గొర్రెల వాసన పడటం లేదా ఈ మధ్య?

ఇట్లు,
మీ అన్నయ్య భార్య


మార్చి 22

వదినా,

'ఇట్లు మీ అన్నయ్య భార్య' అన్న చోట ఉత్తరం మడిచేశాను. కొట్టినా బాగుండేది.

నేను రాకపోవడానికి కారణం నిబంధన. సొంతవాళ్ళ మంద దగ్గరికి మా పనివాళ్ళు వెళ్ళకూడదు. ఉప్పునీళ్ళ సంగతి చెప్పకపోవడం నా తప్పే. చెబితే నువ్వు ఒప్పుకోవనుకున్నాను.

నీకు చెప్పకూడని మాట ఒకటి చెబుతున్నాను. ఆ కవరులో ఉన్నది ముగ్గురికే తెలుసు. మందు నింపేది నేను కనుక నేనొకదాన్ని. పసుపు బిళ్ళవాటికి మందు, నీలంవాటికి ఉప్పునీళ్ళు. నీలంవాటికి కొత్తగా వచ్చే చెడు ఏదీ లేదు, ఇన్నాళ్ళూ ఉన్నట్టే ఉంటాయి. కనీసం ముప్పై రెండు గొర్రెల గురించి నువ్వు నిశ్చింతగా ఉండాలని చెప్పాను. ఇది బయటపడితే నా ఉద్యోగం పోతుంది. చదివాక ఈ కాగితం పొయ్యిలో పెట్టు. ఎవరైనా అడిగితే తెలిసీ తెలియనట్టుండు.

మా వీధిలో నీళ్ళ గొట్టం పగిలి వారం అయింది. మెట్లన్నీ పాచి పట్టాయి. కింద ఇంటి టైలరు రోజూ ఎవరో ఒకరిని చెయ్యి పట్టి లేపుతున్నాడు. నన్ను రెండుసార్లు లేపాడు.

నీ
చిట్టి


ఏప్రిల్ 11

చిట్టీ,

కాగితం పొయ్యిలో పెట్టాను. టీ కాగింది.

నువ్వు మనసు విప్పి ఆ ముక్క చెప్పినందుకు నా మనసులో ఉన్నది సగం పోయింది. మిగతా సగం నువ్వు వచ్చినప్పుడు పోతుంది. గొర్రెలు ఈనుతున్నాయి. ఇప్పటికి ఆరు ఈనాయి, ఒకదానికి కవలలు. ఈ నెలంతా నాకు పగలు తినే తీరిక కూడా లేదు, అదే మంచిదేమో. తొలిచూలుది ఒకటి ఉంది చూడు, చెవులు గులాబీ రంగులో ఉంటాయి, అది అన్నిటికంటే ఆలస్యంగా కట్టింది, ఈనడానికి ఇంకా రెండు నెలలుంది. పొట్ట ఇప్పుడిప్పుడే కనబడుతోంది. నేను గేటు దగ్గర కనబడితే చాలు, తల్లి వెనక పిల్లలా వచ్చేస్తుంది.

రెండో సూది ఎప్పుడు వేస్తారు? ఆలస్యం చెయ్యొద్దని మీ డాక్టరుకి చెప్పు. మందలో చిన్న సర్దుబాటు ఒకటి చేశాను, ఇంట్లో సామాను అటూ ఇటూ జరిపినట్టే, నువ్వేమీ బెంగ పెట్టుకోకు.

పాలు కాస్తున్నాను. నీ మాట కోసం కాదు, పొంగుతుంటే చూడటానికి బాగుంది.

నీ వదిన


మే 27

వదినా,

రెండో సూది సజావుగా అయిందని డాక్టరు చెప్పారు. నువ్వు టీ ఇచ్చావట, చక్కెర ఎక్కువైందన్నారు. నువ్వు అలా ఇచ్చావంటే కోపం లేనట్టే లెక్క, నాకు తెలుసు.

ఒక చెడు కబురు. పక్క లోయ నుంచి కబేళాకు వచ్చిన గొర్రెల్లో ఒకదాని ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయట. క్షయే. ఇక పశువుల ఇన్‌స్పెక్టరు ఆ చుట్టుపక్కల మందలన్నీ పరీక్ష చేస్తాడు. మీ దగ్గరికి పదిహేను రోజుల్లో వస్తాడు. పరీక్ష ఎలాగంటే, చర్మం మీద కాస్త గొరిగి చిన్న సూది పొడుస్తారు. మూడు రోజుల తరవాత వచ్చి అక్కడ వాచిందా లేదా చూస్తారు. వాస్తే జబ్బు ఉన్నట్టు.

నువ్వు కంగారు పడకుండా ముందే చెబుతున్నాను. పసుపు బిళ్ళవి చాలావరకు వాస్తాయి. టీకా కూడా ఆ క్రిమికి దాయాదే, అందుకని ఒంట్లో టీకా ఉన్నా వాపు వస్తుంది. అది జబ్బు కాదు. ఈ సంగతి మా డాక్టరు ఆఫీసు కవరు తెరిపించి ఇన్‌స్పెక్టరుకి రాసి, మీ మంద జాబితా పంపారు. పసుపువి వాస్తే వదిలేస్తాడు. నీలంవి వాస్తే మాత్రం జబ్బు కిందే లెక్క. వాటిని తీసుకెళతాడు. అడ్డుపడకు, అది చట్టం.

ఈ నెల నాకు బాగాలేదు. అన్నయ్య పోయి ఏడాదైన వారంలోనే మీ మందకి రెండో విడత సూదులు నింపాను. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి, మనిషి ఎక్కడో ఉంది.

నీ
చిట్టి


జూన్ 16

చిట్టీ,

ఇన్‌స్పెక్టరు సోమవారం వచ్చి పొడిచాడు, గురువారం వచ్చి చూశాడు. పసుపువి నువ్వు చెప్పినట్టే వాచాయి. బొల్లికి నిమ్మకాయంత వాచింది. అతను దాని వీపు తట్టి, దీనికి టీకా బాగా పట్టిందన్నాడు.

నీలంవాటిలో నాలుగు వాచాయి. మూడు ముసలివి, ఎముకలు తేలి ఉన్నవే. నాలుగోది ఆ తొలిచూలుది. ఇంకా ఈనలేదు, నెలలు నిండి ఉంది. దానికి జబ్బు లేదని అతనితో చెప్పాను. నీకెలా తెలుసమ్మా అన్నాడు. ఈనేదాకా ఆగమన్నాను. చట్టంలో లేదన్నాడు. చెడ్డవాడేం కాదు, టోపీ తీసి మరీ చెప్పాడు.

ముసలివి మూడింటినీ ఇద్దరు మనుషులు ఎత్తి బండిలో వేశారు. అది మాత్రం దొరకలేదు, దొడ్డంతా పరిగెత్తింది. పొట్టతో పరిగెడితే పిల్ల ఏమవుతుందోనని నాకు భయం వేసింది. చూడు నా తెలివి, చావబోయేదాని కడుపులో పిల్లకు దెబ్బ తగులుతుందని భయపడ్డాను. చివరికి నేనే బండి పక్కన నిలబడి పిలిచాను. వచ్చేసింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఇది కసాయివాణ్ణి నమ్మలేదు చిట్టీ, నన్ను నమ్మింది.

ఇంకేం రాయను. రాస్తే ఎక్కువ రాస్తాను.

వదిన


జూలై 1

వదినా,

నీకు రాయాలో వద్దో తెలియక నాలుగు రోజులు ఆగాను.

ఆ నాలుగింటినీ మా సంస్థలోనే కోసి చూశారు. ముసలివి మూడింటికీ జబ్బు ఉంది. తొలిచూలుదానికి లేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పైగా మెడ దగ్గర, సూది పొడిచిన చోట చర్మం కింద టీకా ముద్ద కనిపించింది. నీలం బిళ్ళ గొర్రెకి, ఉప్పునీళ్ళు మాత్రమే పడాల్సినదానికి, మందు పడింది.

డాక్టరు నన్ను పిలిపించి అడిగారు. అరవలేదు. "ఎలా జరిగిందో నీకేమైనా తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. తెలియకపోవడమేమిటి, నింపేది నేను, చీటీ అంటించేది నేను. ఉప్పునీళ్ళ సూదిలో మందు పడిందంటే నా చేతులు తప్ప దారి లేదు. విచారణ అయ్యేదాకా పనికి రావద్దన్నారు. ఒక్క సూది తప్పయితే ఇంకెన్ని తప్పో ఎవరు చెప్పగలరు? ఆరు మందల లెక్కలూ, రెండేళ్ళ పనీ ఇప్పుడు అనుమానమే.

గదిలో కూర్చుని గుర్తుచేసుకుంటున్నాను. కుడి పళ్ళెం మందు, ఎడమ పళ్ళెం ఉప్పునీళ్ళు. ఎప్పుడు తారుమారు చేశాను? నిన్న కింద ఇంటి టైలరు, ఊరికే కూర్చున్నావని ఒక చొక్కా ఇచ్చి బొత్తాం కుట్టమంటే, తెల్ల దారమా కాదా అని నాలుగుసార్లు చూసుకున్నాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.

ఆ గొర్రెను పిలిచింది నువ్వు కావచ్చు వదినా, చంపింది నేనే. నీ మీద నువ్వు వేసుకోకు.

చిట్టి


జూలై 9

చిట్టీ,

కూర్చుని చదువు.

నువ్వు తప్పు చెయ్యలేదు. నీ సూదులు సరిగ్గానే ఉన్నాయి. బిళ్ళలు మార్చింది నేను.

పసుపుకి మందు అని నువ్వు రాశావు. బొల్లికి నీలం ఉంది. రెండో సూది అయినా దానికి దక్కాలనుకున్నాను. వాళ్ళు ఇచ్చిన పనిముట్టుతోనే బొల్లి చెవి నీలం బిళ్ళ విప్పి, తొలిచూలుదాని చెవి పసుపు బిళ్ళ విప్పి, దానిది దీనికి, దీనిది దానికి బిగించాను. తొలిచూలుదానికి మొదటి మందు ఎలాగూ పడింది, పడుచుది, తట్టుకుంటుంది, బొల్లి ముసలిది అనుకున్నాను. అంతే నా లెక్క. వాపు పరీక్ష ఒకటి వస్తుందని నాకెవరు చెప్పారు?

నువ్వు మే నెలలో రాసిన ఉత్తరం చదివినప్పుడే ఏం చేశానో నాకు తెలిసింది. అప్పుడే తిరిగి మార్చి ఉండవచ్చు. మారిస్తే, బొల్లికి వాపు వస్తే తీసుకుపోతారు. వస్తుందని నాకు తెలుసు. అది చిక్కిపోతోంది. మార్చలేదు. గురువారం ఇన్‌స్పెక్టరు ఎదుట నిలబడి కూడా నోరు తెరవలేదు. ఒకదాన్ని దాచడానికి ఒకదాన్ని ఇచ్చాను.

ఆయన ఆ ఐదు నెలలూ కిటికీలోంచి చెయ్యి చాచి దాని వీపు మీద పెట్టుకుని పడుకునేవారు. అది కదలకుండా నిలబడేది. ఆయన చెయ్యి ఆనిన ప్రాణి ఈ ఇంట్లో ఇంకొకటి లేదు, నేను తప్ప. నీకిది తెలివితక్కువగా కనిపిస్తే కనిపించనీ.

నీ ఉద్యోగం పోతుందని తెలిసి ఊరుకోలేక రాశాను. ఈ కాగితం మీ డాక్టరుకి చూపిస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం.

వదిన


జూలై 20

వదినా,

నీ ఉత్తరం రెండు రోజులు సంచిలో పెట్టుకుని తిరిగాను. చూపిస్తే నేను మందు తారుమారు చేయలేదని తేలుతుంది, రంగుల గుట్టు చెప్పేశానని కూడా తేలుతుంది. ఎటు తిరిగినా ఉద్యోగం ఉండదు. కనుక నా సంగతి పక్కన పెట్టి ఆలోచించాను. చూపించకపోతే బొల్లి ఆ దొడ్లోనే ఉంటుంది, మిగతా వాటి ముఖాన దగ్గుతూ, నీ ముఖాన దగ్గుతూ.

చూపించాను.

డాక్టరు నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించారు. "నువ్వు సరిగ్గానే నింపావు, నాకు అదొక్కటే సంతోషం" అన్నారు. కాగితం మడిచి ఇచ్చి, ఇక ఎప్పటికీ పనికి రావద్దన్నారు. తెల్ల కోటు అక్కడే కొక్కేనికి తగిలించి వచ్చాను.

ఇక అసలు మాట. ఒక బిళ్ళ మారిందంటే ఏ బిళ్ళనూ నమ్మలేమని ఇన్‌స్పెక్టరు అంటున్నాడు. ఏ వాపు టీకాదో ఏది జబ్బుదో చెప్పలేరు. అందుకని మంద మొత్తాన్ని తీసేయాలని ఉత్తర్వు రాశాడు. అతని ఆఫీసు వరండాలో ఒక పూటంతా కూర్చున్నాను. రెండు బిళ్ళలే మారాయని, మా వదిన అబద్ధం రాయదని చెప్పాను. "మొదటిసారి కూడా అలాగే అనుకున్నాం కదమ్మా" అన్నాడు.

వచ్చే నెల మొదట్లో లారీ వస్తుంది. నువ్వు వెంటనే ఛాతీ ఆసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకో. బతిమాలుతున్నాను.

నన్ను తిట్టుకో.

చిట్టి


ఆగస్టు 11

ఆడపడుచు గారికి,

లారీ గురువారం వచ్చింది. పిల్లలతో కలిపి డెబ్బై ఒకటి. ఈసారి నేను పిలవలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కాని గొర్రెల అరుపుకి తలుపు అడ్డమా? పిల్లల్ని వేరే అరలో వేసినట్టున్నారు, తల్లులు ఒకవైపునుంచి, పిల్లలు ఒకవైపునుంచి అరిచాయి. బండి మలుపు తిరిగేదాకా వినిపించింది.

బొల్లి ఒక్కదాన్నే తీసుకుపోతారనుకున్నాను. నేను రాసింది నిన్ను కాపాడటానికి. నీ ఉద్యోగమూ పోయింది, నా మందా పోయింది. నువ్వు చూపించకుండా ఉండాల్సిందని అనడం లేదు. చూపించే ముందు నన్నొక్క మాట అడిగి ఉండాల్సింది. నీ ఇష్టం అని రాశావు కదా అంటావు. రాశాను. మనుషులు రాసినవన్నీ అనుకున్నవేనా?

ఆసుపత్రికి వెళ్ళాను. ఎడమవైపు మచ్చ ఉందట. కఫం తీసుకున్నారు, ఫలితం రావాలి. పక్క లోయ గొర్రెలాయన భార్య నిన్నటిదాకా రోజూ వచ్చేది, ఇవాళ గేటు బయటే నిలబడి మాట్లాడి వెళ్ళింది.

ఇప్పుడు నాకొక్కటి కావాలి. ఫిబ్రవరిలో సూటిగా అడిగాను, నువ్వు కార్డు ముక్కతో తప్పించుకున్నావు. మళ్ళీ అడుగుతున్నాను. మీ అన్నయ్యకి ఆ జబ్బు బొల్లి వల్ల వచ్చిందా? నా చేత్తో ఇచ్చిన పాల వల్ల వచ్చిందా? ఉన్నదున్నట్టు రాయి. నన్ను ఓదార్చకు.

మీ అన్నయ్య భార్య


ఆగస్టు 21

వదినా,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

లారీలో వెళ్ళినవాటిని కోసి చూశారట. పెద్ద డాక్టరు నా గదికి వచ్చి చెప్పారు. జబ్బున్నవి ఆరు. బొల్లికి రెండువైపులా గడ్డలే. మిగతా ఐదూ నీలం బిళ్ళవి, ఇప్పుడిప్పుడే మొదలైనవి. మొదటినుంచీ పసుపు బిళ్ళ ఉన్నవాటిలో ఒక్కదానికి కూడా లేదు. అంటే టీకా పనిచేసింది. కానీ బిళ్ళల మీద చెయ్యి పడింది కనుక మన మంద లెక్క ఎక్కడా రాసుకోరు.

అన్నయ్య సంగతి. నువ్వు ఆ ఐదు నెలలూ ఇచ్చిన పాలు అతనికి జబ్బు తెచ్చిపెట్టలేదు. మంచం పట్టేనాటికే జబ్బు ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. గొర్రెలనుంచి రావచ్చు, మనుషులనుంచి రావచ్చు. అతని జబ్బు ఏ రకందో ఆసుపత్రిలో అప్పుడు చూడలేదు, ఇక చూడలేరు. ఇది ఓదార్పు కాదు. నిజంగానే తెలియదు.

తెలిసినది ఒకటి ఉంది. రెండేళ్ళ కిందట ఉన్ని కత్తిరించే రోజుల్లో నేను వచ్చి నాలుగు రోజులున్నాను కదా. వెళ్ళే రోజు కంచె దగ్గర బొల్లి దగ్గింది. మెడ ముందుకి చాచి, మూడుసార్లు. నేను దాని పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూశాను. లోపల గరగరమంటోంది. ఆ దగ్గు ఏమిటో నాకు అనుమానం వచ్చింది. రోజూ ఆ జబ్బు పేరున్న చీటీలే అంటించేదాన్ని, నాకు రాకపోతే ఎవరికి వస్తుంది? అన్నయ్య ఉన్ని మోపు దించి, "ఏమిటే, ఏమైనా ఉందా?" అని అడిగాడు.

"దుమ్ము" అన్నాను.

ఉందంటే ఇన్‌స్పెక్టరుకి చెప్పాలి. చెబితే లారీ వస్తుంది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నాకు నాలుగింటికి బస్సు ఉంది. తరవాత రాద్దామనుకున్నాను. రాయలేదు. ఆరు నెలలకి అన్నయ్య దగ్గుతున్నాడని నీ ఉత్తరం వచ్చింది.

డాక్టరు అడిగితే నీ మంద మాట నోట వచ్చిందని రాశాను. అబద్ధం. నేనే వెళ్ళి బతిమాలాను. టీకాకి ముందు మందకి వాపు పరీక్ష చేయాలి. ఆరో మంద ఆలస్యమైందని, మా వదిన మంద శుభ్రంగా ఉంటుందని నేను చెప్పిన మాట నమ్మి ఆయన వదిలేశారు. సగమైనా దక్కుతాయని, ఎవరికీ ఏదీ తెలియకుండా చక్కబడుతుందని అనుకున్నాను. నిబంధన నిజమే, కానీ నిబంధన లేకపోయినా నేను వచ్చేదాన్ని కాదు. ఆ దొడ్డి ముఖం చూడలేను.

పాలు కాచమన్నప్పుడు నీ మీద నేరం మోపుతున్నాననుకున్నావు. నేను రాయాల్సినది అది కాదు. రాయలేక పాల గురించి రాశాను.

చిట్టి


సెప్టెంబరు 3

చిట్టికి,

నీ ఉత్తరం అంది తొమ్మిది రోజులైంది. జవాబు రాయకూడదనే అనుకున్నాను.

ఆ దగ్గు నేనూ విన్నాను. నువ్వు ఒక్క రోజు విన్నావు, నేను రెండేళ్ళు విన్నాను. నేను తెలియక ఊరుకున్నాను, నువ్వు తెలిసి ఊరుకున్నావు. ఆ తేడా చిన్నదని నీకోసం రాయలేను. ఆయన అడిగారు కదా. నోరు తెరిచి అడిగారు కదా. ఆ ముక్క దగ్గరే తిరుగుతున్నాను, పొద్దున లేచింది మొదలు. దొడ్డి కడిగి సున్నం కొట్టాను, అయినా అదే. పని లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నా ఫలితం వచ్చింది. ఉంది. ఆరు నెలలు మాత్రలు మింగాలి. మొదటి రెండు వారాలూ ఎవరికీ దగ్గరగా ఉండకూడదు, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. మానకుండా మింగితే తగ్గుతుందన్నారు. మీ అన్నయ్యకి కూడా అలాగే అన్నారు, కానీ ఆయన అప్పటికే ఆలస్యంగా వెళ్ళారు. నేను అంత ఆలస్యం కాలేదట. నువ్వు బతిమాలకపోతే వెళ్ళేదాన్ని కాదు. అది కూడా ఉన్నమాటే కనుక రాస్తున్నాను.

మాత్రలు ఇచ్చే ముందు నర్సు ఒక కాగితం నింపింది. రోగి మాత్రలు మింగుతున్నదీ లేనిదీ చూసుకునే మనిషి ఎవరు అని ఒక గడి ఉంది. ఎవరూ లేరంటే ఆసుపత్రిలోనే పడుకోబెడతారట. వెనక వరసలో వాళ్ళు సణుగుతున్నారు. చివరికి నిన్ను చెప్పాను. ఏమవుతుంది అని అడిగింది. ఆడపడుచు అన్నాను. మీ ఇద్దరికీ సఖ్యమేనా అని అడిగింది, సరిగా చూసుకోని వాళ్ళుంటారని అలా అడుగుతారట. "అది రాయడానికి గడి ఉందా?" అన్నాను. లేదంది. అయితే వదిలెయ్యమన్నాను.

ఆ మనిషి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. పదో తేదీ, పొద్దున ఎనిమిదింటికి, ఆసుపత్రి వెనక గేటు. నేను నీతో మాట్లాడకపోవచ్చు. నువ్వు ఏడవకు, అక్కడ జనం ఉంటారు. రెండు జతల బట్టలు తెచ్చుకో.

వదిన